కోరిక మనది, మొక్కు ఎవరిది?



కిందటి శనివారం వీడియోలో యయాతి మహారాజు కథ చెప్పుకున్నాం కదా. చివర్లో ఒక మాట అన్నాను, "ఈ కథ నాకు ఈమధ్య ఒక సెల్‌ఫోన్ వల్ల గుర్తుకొచ్చింది" అని. అప్పటినుంచి చాలామంది అడుగుతున్నారు, సెల్‌ఫోన్‌కీ యయాతికీ ఏం సంబంధం గురువుగారూ అని. ముందుగా ఒక విన్నపం. నేను గురువును కాను. జనగామలో పూజా సామాను దుకాణం నడుపుకుంటూ, తీరిక దొరికినప్పుడు గుళ్లకు వెళ్లి నాలుగు మంచి మాటలు రికార్డు చేసేవాణ్ని, అంతే. ఈరోజు రాసేది చదివితే ఆ సంగతి మీకే అర్థమవుతుంది. ఎందుకంటే ఇది నేను చేసిన తప్పు గురించి.

సెప్టెంబర్ 9 రాత్రి. పదిన్నరకు ఆపిల్ కంపెనీ వాళ్ల కొత్త ఫోన్ల కార్యక్రమం మొదలైంది. మా అక్క కొడుకు మహబూబాబాద్‌లో ఉంటాడు, డిగ్రీ అయిపోయింది. మన వీడియోలు ఎడిటింగ్ చేసేది వాడే. ఆ రాత్రి వాడు ఫోన్ చేసి, "మామా, చూస్తున్నవా? 17 ప్రో వచ్చింది. రంగు చూడు, కాషాయం! మన ఛానల్ కోసమే చేసినట్టున్నరు" అన్నాడు. నిజంగానే ఆ నారింజ రంగు చూస్తే నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం పన్నెండు దాకా మాట్లాడుకున్నాం. కెమెరా గురించి, రాత్రిపూట దీపాల వెలుగులో ఎంత బాగా తీస్తుందో, కోనేటి అవతలి గట్టు నుంచి కూడా గోపురం ఎంత దగ్గరగా కనిపిస్తుందో. ఆ మాటల్లోనే నేను, "ఇది గనక మన చేతిలో ఉంటే మన ఛానల్ ఎక్కడికో పోతది అల్లుడా. దేవుని పనికి ఇట్లాంటిది ఒకటి ఉండాలె" అనేశాను.

ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దాని చుట్టే ఉంది.

నా దగ్గర ఉన్నది ఐఫోన్ ఎక్స్‌ఆర్. 2018లో వచ్చిన మోడల్, నేను 2021లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో జరిగిన సరస్వతీ పుష్కరాలు మీరు మన ఛానల్‌లో చూశారు కదా, అవన్నీ దానితో తీసినవే. పాలకుర్తి గుట్ట, చిల్పూరు బుగులు వెంకన్న, కురవి వీరభద్రుడు, గణపురం కోటగుళ్లు, అన్నీ అదే. ఒక్కరూ బొమ్మ బాగాలేదని అనలేదు.

సెప్టెంబర్ 15న ఆ కంపెనీవాళ్లు ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్ కొత్తది వదిలారు, ఐఓఎస్ 26 అని. స్క్రీన్ అంతా గాజు పలకలు పేర్చినట్టు ఉంటుంది. కొందరు అబ్బ ఎంత బాగుంది అన్నారు, కొందరు అద్దం వెనక అక్షరాలు కనబడక కళ్లు లాగుతున్నాయి అన్నారు. నవంబర్ మొదట్లో వచ్చిన తర్వాతి అప్‌డేట్‌లో, గాజు మరీ పారదర్శకంగా వద్దనుకునేవాళ్ల కోసం కాస్త మందంగా చేసుకునే సౌకర్యం కూడా ఇచ్చారు. ఇదంతా ఐఫోన్ 11, దాని తర్వాతి ఫోన్లకు మాత్రమే. నా ఎక్స్‌ఆర్‌కు రాదు. నాలాంటి పాత ఫోన్లవాళ్లకు అదే రోజు భద్రత కోసం ఒక చిన్న అప్‌డేట్ ఇచ్చారు.

ఇక్కడ నా మనసులో జరిగింది చెప్తాను. పొద్దున దుకాణం తెరిచేటప్పుడు ఆ ఫోన్ నాకు మంచి ఫోన్. అప్‌డేట్ వచ్చే ఫోన్ల జాబితాలో దాని పేరు లేదని చూసిన సాయంత్రానికి అది పాత ఫోన్ అయిపోయింది. దాని మీద కొత్తగా ఒక్క గీత కూడా పడలేదు, కెమెరా మసకబారలేదు. ఫోన్ మారలేదండీ, నేను మారాను. చేతిలోకి తీసుకుంటే బరువుగా అనిపించింది. దుకాణానికి వచ్చినవాళ్ల ముందు టేబుల్ మీద బోర్లా పెట్టడం మొదలుపెట్టాను. నాలుగేళ్లు నమ్మకంగా పనిచేసిన వస్తువును చూసి నేను సిగ్గుపడ్డాను.

19వ తేదీన కొత్త ఫోన్ల అమ్మకం మొదలైంది. ముంబైలో, ఢిల్లీలో రాత్రి నుంచే లైన్లు కట్టారు. ముంబైలో ఆ దుకాణం ముందు తోపులాట జరిగి గొడవైంది, మీరూ టీవీలో చూసే ఉంటారు. నేనూ చూసి, "ఏం పిచ్చిరా ఇది" అని నవ్వాను. వాళ్లు రోడ్డు మీద లైన్‌లో నిలబడ్డారు. నేను దుకాణంలో కూర్చునే మనసులో నిలబడ్డాను. తేడా అంతే.

పెత్రమాస నాడు

21వ తేదీ ఆదివారం పెత్రమాస. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. అక్క రమ్మంటే మహబూబాబాద్ వెళ్లాను. మా బావ భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు. వారం పది రోజులకు ఒకసారి ఇంటికి వస్తాడు. పండుగ కాబట్టి ఆరోజు వచ్చాడు.

నేను చెప్పులు విప్పుతుండగానే అక్క పక్కకు పిలిచింది. "తమ్మీ, పిల్లగాడు లక్షా ముప్పై అయిదు వేల ఫోన్ కావాల్నంటుండు. వాళ్ల నాయిన పేరు మీద ఈఎంఐ పెట్టిస్తడట. నువ్వే చెప్పినవంట గదా, దేవుని పనికి కావాల్నని?"

నాకు నోట మాట రాలేదు.

ఆ 17 ప్రో ధర అప్పుడు 1,34,900 రూపాయలు. రెండేళ్ల వాయిదాలనుకుంటే, వడ్డీ సంగతి పక్కన పెట్టినా, నెలకు 5,600 దాటుతుంది. మా బావ ఇంటికి తెచ్చే డబ్బుల్లో అది దాదాపు మూడో వంతు. మర్నాటి నుంచి జీఎస్టీ తగ్గుతుంది కదా, దీనికీ తగ్గుతుందేమోనని వాడు ఆగి చూస్తున్నాడట. పెద్ద టీవీలకు, ఏసీలకు 28 నుంచి 18కి తగ్గించారు గానీ, సెల్‌ఫోన్ల మీద ముందునుంచీ ఉన్న 18 శాతం అలాగే ఉంది.

తిన్నాక బావ దగ్గర కూర్చున్నాను. మనిషి అలసిపోయి ఉన్నాడు. గోళ్ల సందుల్లో బొగ్గు నలుపు ఎంత కడిగినా పోదు. చేతిలో గ్లాసు పగిలిన చిన్న ఆండ్రాయిడ్ ఫోన్. పగిలిన చోట ప్లాస్టర్ టేపు అంటించాడు. లోడింగ్ కోసం లైన్‌లో లారీ ఆపుకుని మన వీడియోలు వింటాడట. "చూస్తావా బావా?" అని అడిగితే, "చూసుడెక్కడిది బామ్మర్ది, డాష్‌బోర్డు మీద పెట్టి వింట. నాకు బొమ్మెందుకు, మాట వినవడితె చాలు" అన్నాడు.

తర్వాత తనే ఎత్తాడు ఆ సంగతి. "సంతకం పెడ్త తియ్. పిల్లగాడు ఎన్నడు ఏది అడగలె. దేవుని పనికే గదా. ఇంకో రెండు ట్రిప్పులు ఎక్కువ కొడ్త, అంతే గదా?"

"అంతే గదా" అన్నప్పుడు నా ముఖంలోకి చూశాడు. నేను అవునంటే సంతకం పెట్టేసేవాడు. నా మాట మీద అంత నమ్మకం. నాకప్పుడు యయాతి గుర్తొచ్చాడు.

యయాతి కథలో మనం దాటేసే చోటు

మహాభారతం ఆదిపర్వంలోనూ, భాగవతం నవమ స్కంధంలోనూ ఈ కథ ఉంది. శుక్రాచార్యుల శాపంతో యయాతికి అకాలంగా ముసలితనం వచ్చింది. ఎవరైనా ఇష్టపడి యౌవనం ఇస్తే మార్చుకోవచ్చని ఒక వెసులుబాటు దొరికింది. కొడుకుల్ని ఒక్కొక్కర్నే అడిగాడు. నలుగురు కుదరదన్నారు. చిన్నవాడు పూరుడు ఇచ్చాడు. యయాతి వెయ్యేళ్లు భోగాలు అనుభవించి, చివరికి కోరిక అనుభవిస్తే తీరేది కాదు, నెయ్యి పోసిన నిప్పులాగా ఇంకా పెరిగేదని తెలుసుకున్నాడు. కొడుకు యౌవనం కొడుక్కి తిరిగిచ్చి, రాజ్యం అప్పగించి అడవికి వెళ్లాడు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరం "కోరికకు అంతు లేదు" అన్న చోటే ఆగుతాం. నేనూ ఎన్నోసార్లు అక్కడే ఆగాను. ఫోన్ గురించి ఆ మాట చెప్పడం చాలా సులువు. ఈ ఏడాది 17, వచ్చే ఏడాది 18, ఆ తర్వాత ఇంకోటి. కానీ ఆ రోజు నాకు తట్టింది వేరే సంగతి. ఆ వెయ్యేళ్లు పూరుడు ఏం చేశాడు? తండ్రి ముసలితనం మోశాడు. కోరిక ఒకరిది, దాని బరువు మరొకరిది.

"వాడు ఇష్టంగానే ఇచ్చాడు కదా" అనొచ్చు. అవును, ఇష్టంగానే ఇచ్చాడు. మా బావ కూడా ఇష్టంగానే సంతకం పెడతానన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. మనల్ని ప్రేమించేవాళ్లు కాదనరు. వాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి తీసుకోవడం న్యాయమే అని మనం అనుకుంటాం. ఇచ్చేవాడి మంచితనం ఇచ్చేవాడికి పుణ్యం కావచ్చు గానీ, తీసుకునేవాడికి అది అనుమతి పత్రం కాదు. కాదనలేనివాళ్ల దగ్గర అడిగేటప్పుడు, వాళ్ల తరఫున కాదనే బాధ్యత కూడా మన మీదే పడుతుంది. కథలో కాదన్న నలుగురు కొడుకులకు శాపాలు తగిలాయి. ఆ నలుగురి మీద నాకు ఎప్పుడూ కొంచెం జాలే. వాళ్లన్నది తప్పో ఒప్పో గానీ, తండ్రి అలా అడగకుండా ఉండాల్సింది.

మన కురవి పక్క ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. మొక్కు మొక్కినవాడే తీర్చుకోవాలె. నువ్వు తలనీలాలు మొక్కుకుని పక్కింటాయన గుండు గీయించుకుంటే వీరభద్రుడు ఊరుకుంటాడా? కోరుకోవద్దని ఏ దేవుడూ అనలేదు. గుడికి వెళ్లేవాళ్లలో సగం మందిమి ఏదో ఒకటి కోరుకునే వెళ్తాం. అడిగేది ఒక్కటే, ఈ మొక్కు తీర్చేది ఎవరు?

ఇక నా సంగతి. నేను యయాతి కన్నా ఒక మెట్టు కిందే ఉన్నాను. ఆయన నాకు యౌవనం కావాలని తన పేరుతోనే అడిగాడు. నేను దేవుడి పేరు వాడాను. నా కోరిక మేనల్లుడి నోటికి ఎక్కింది, వాడి కోరిక వాళ్ల నాన్న భుజానికి ఎక్కబోయింది. అన్నిటికీ పైన దేవుని పని అనే శాలువా కప్పాం.

అందుకే అన్నాను, "బావా, దేవుని పనికి కాదు. నాకు కావాల్ననిపించింది. ఆ మాట వాడు పట్టుకున్నడు. సంతకం పెట్టకు."

బావ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, "మరి ముందే చెప్పొద్దా బామ్మర్ది? నేను రాత్రి ట్రిప్పులు అడిగి వచ్చిన" అన్నాడు.

ఆయన నవ్వుతూ అన్న ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. బయట అక్కా వాళ్లు బతుకమ్మ ఆడుతున్నారు. మేనల్లుడు లోపలి గదిలోంచి అంతా విన్నాడు. నాతో మాట్లాడకుండా బండి తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

కొత్తదంతా చెడ్డదా?

ఇది చదివి ఎవరైనా "అయితే పాత ఫోన్లే వాడాలా, టెక్నాలజీ వద్దా" అనుకుంటే నన్ను తప్పుగా అర్థం చేసుకున్నట్టే. కళ్లు కనబడనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపించేది ఈ ఫోన్లే. భద్రతా అప్‌డేట్లు వేసుకోకపోతే బ్యాంకు డబ్బులకే ప్రమాదం. వచ్చినవి తప్పకుండా వేసుకోండి. నా ఛానల్ ఉన్నదే ఫోన్ వల్ల. పోతన గారు పుట్టి పెరిగారని మనం చెప్పుకునే బమ్మెర మా జిల్లాలోనే ఉంది. ఆయన కాలంలో తాటాకు, గంటం. ఈ కాలంలో ఇవి. పనిముట్టు మారితే భక్తి తగ్గదు. కాకపోతే ఆయన భాగవతాన్ని రాజులకు అంకితం ఇవ్వలేదనీ, వ్యవసాయం చేసుకుని బతికారనీ చెప్పుకుంటాం కదా. దేవుని పని చేసుకునేటప్పుడు దాని ఖర్చు ఇంకొకరి మెడకు చుట్టకూడదనే పట్టింపు ఆ కథలో నాకు కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఒక వస్తువు పాతబడటం కొంత దానంతట అది జరుగుతుంది, కొంత చేసినవాళ్ల చేతిలో ఉంటుంది. బ్యాటరీ పాతబడ్డ కొన్ని ఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా, సాఫ్ట్‌వేర్‌తో వాటి వేగం తగ్గించామని 2017 డిసెంబర్‌లో ఆపిల్ వాళ్లే ఒప్పుకున్నారు. ముందే చెప్పనందుకు క్షమాపణ కోరి, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించారు. అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది, మార్చాల్సింది ఫోన్ కాదు, బ్యాటరీ అని. ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. గూగుల్ 2023లో, శాంసంగ్ 2024లో తమ పెద్ద ఫోన్లకు ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామన్నాయి. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఒక నియమం వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం అయిదేళ్లు దానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందాలి.

ఫోన్ బరువు మోసేది ఇంట్లోవాళ్లే కాదు. బ్యాటరీలో వాడే కోబాల్ట్‌లో ఎక్కువ భాగం ఆఫ్రికాలోని కాంగో దేశం గనుల నుంచి వస్తుంది. అక్కడ చేతులతో తవ్వే కూలీలు ఉన్నారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఇక చార్జింగ్ పెట్టే కరెంటు? భూపాలపల్లి బొగ్గు చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రానికి వెళ్తుంది, 1,100 మెగావాట్ల కేంద్రం అది. మనం గోడకు వైరు గుచ్చిన ప్రతిసారీ ఆ అవతలి చివర మా బావలాంటి మనిషి ఎవరో ఒకరు ఉంటారు. ఫోన్లు మానేయమని కాదు నేను చెప్పేది. అవతలి చివర మనిషి ఉన్నాడని తెలిసి వాడటం వేరు, తెలియకుండా పారేయడం వేరు.

దీపం కుంది

మా ఇంట్లో నానమ్మ కాలం నాటి ఇత్తడి దీపం కుంది ఒకటి ఉంది, పెంబర్తి పనివాళ్లు చేసింది. ఈ కార్తీకంలో రోజూ అదే వెలిగిస్తున్నాం. చింతపండుతో తోమితే ఎప్పటికప్పుడు కొత్తదే. చేసినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి "నీ కుంది పాతదైపోయింది" అని అనలేదు. ఫోన్ అలా ఉండదు, ఉండలేదు కూడా, తెలుసు. కానీ తోమే పని మాత్రం దానికీ ఉంది. హనుమకొండ వెళ్లి నా ఎక్స్‌ఆర్‌కు కొత్త బ్యాటరీ వేయించాను. ఒక చిన్న కాలర్ మైకు కొన్నాను. రెండూ కలిపి అయిదు వేల లోపే అయింది. బావ అన్న మాట నిజమే, మీలో చాలామంది మమ్మల్ని వింటారు గానీ చూడరు. నాకు కావాల్సింది కెమెరా కాదు, మైకు. ఆ సంగతి డాష్‌బోర్డు మీద వినే మనిషి చెప్తే గానీ నాకు తెలియలేదు.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకటి కాలుడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. ముందు కాలుణ్ని దర్శించుకుని, తర్వాత ముక్తేశ్వరుడి దగ్గరికి రావడం అక్కడి ఆనవాయితీ. ఇంతకుముందు అది ఒక స్థల విశేషంగానే చెప్పేవాణ్ని. ఇప్పుడు వేరేగా తోస్తోంది. ప్రతి వస్తువుకూ ఒక ఆఖరి తేదీ ఉందని ముందు ఒప్పుకోవాలి, ఈ ఏడాది కొత్త ఫోన్‌కు కూడా. అది ఒప్పుకున్నాక దాని మీది పట్టు కాస్త సడలుతుంది.

ఏదైనా పెద్ద వస్తువు కొనే ముందు నన్ను నేను అడుగుతున్న మూడు ప్రశ్నలు మీకూ పనికొస్తాయేమో. ఇది కొత్తది వచ్చిందని తెలియక ముందు కూడా నాకు అవసరమేనా? నేను చెప్తున్న కారణం నిజమేనా, లేక దేవుడి పేరో పిల్లల పేరో అడ్డం పెడుతున్నానా? దీని మొక్కు తీర్చేది నేనేనా? మూడింటికీ ధైర్యంగా జవాబు చెప్పగలిగితే హాయిగా కొనుక్కోండి, కాషాయం రంగుదే కొనుక్కోండి.

మేనల్లుడు సద్దుల బతుకమ్మ దాకా నా ఫోన్ ఎత్తలేదు. ఆ శనివారం వీడియో నేనే ఎడిట్ చేశాను, బాగాలేదని మీరే చెప్పారు, సంతోషం. దసరా తర్వాత వాడు హైదరాబాద్‌లో ఒక ఎడిటింగ్ ఆఫీసులో చేరాడు. వచ్చే ఏడాది తన జీతంతో ఆ ఫోన్ కొంటానన్నాడు. కొను అల్లుడా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. "మరి నువ్వు ముందే నాతోని ఆ మాట అనకపోతే మంచిగుండె గదా మామా" అన్నాడు. వాళ్ల నాన్నదీ, వాడిదీ ఒకటే మాట. దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఇక్కడ రాశాను.

మీ ఇంట్లో మీ కోరికల బరువు చప్పుడు చేయకుండా మోస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఈరోజు దీపం పెట్టాక వాళ్ల పక్కన ఒక్క అయిదు నిమిషాలు కూర్చోండి. ఫోన్ లోపల పెట్టి కూర్చోండి.

శనివారం మళ్లీ కలుద్దాం. ఓం నమః శివాయ.